గుండీల కుండ, గులాబీ పురుగు: ఒక వానాకాలం డైరీ

జూలై 9

చండూరు దగ్గర ఒక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. బడి గోడ దాటితే మూడు వైపులా పత్తి చేలే. మొన్న ఫిబ్రవరిలో పదో తరగతి ప్రీ ఫైనల్ పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు దగ్గర పెన్ను ఆగిపోయింది. "గులాబీ రంగు పురుగు బీటీ విషానికి మెల్లమెల్లగా అలవాటు పడింది. ఆ అలవాటు దాని పిల్లలకు వచ్చింది. దీన్నే పరిణామం అంటారు" అని రాశాడు పిల్లవాడు. గులాబీ రంగు పురుగు పత్తి కాయలో దూరి గింజలు తినే పురుగు. బీటీ అనేది ఒక బ్యాక్టీరియా పేరుకు పొట్టి రూపం, దాని జన్యువు పెట్టిన పత్తి మొక్క పురుగును చంపే ప్రోటీన్‌ను తనలోనే తయారు చేసుకుంటుంది.

జవాబు తప్పు. కానీ ఆ తప్పు వాడొక్కడిది కాదు. ఎరువుల షాపు దగ్గర నిలబడితే రోజుకు పదిసార్లు వినబడే మాట అది. క్లాసులో నా నోట కూడా చాలాసార్లు వచ్చింది. మా తాత రోజుకో బీడీ నుంచి కట్ట బీడీలకు అలవాటు పడ్డట్టు పురుగు విషానికి అలవాటు పడిందంటే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది కదా. చిక్కంతా అక్కడే ఉంది. ఎలుకల తోకలు తరతరాలుగా కత్తిరించినా తోకలేని పిల్ల పుట్టలేదని జర్మన్ జీవశాస్త్రవేత్త వైజ్‌మాన్ ప్రయోగం చెప్పిన నోటితోనే, పక్క పీరియడ్‌లో పురుగు "అలవాటు పడింది" అంటున్నాను.

ఈ వానాకాలమంతా తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కలిసి ఈ ఒక్క మాట సంగతి తేల్చుకోవాలి. తరగతిలో ఒక ఆట, చేనులో లెక్కలు. ముగ్గురు పిల్లల ఇళ్లవాళ్లు తమ చేలల్లోకి రానిస్తామన్నారు. రెండు నల్లరేగడివి, ఒకటి ఎర్ర చెలక.

జూలై 24

ఆటకు చింతగింజలు ఎంచుకున్నాను. అష్టాచెమ్మాకు అరగదీసినట్టు కొన్నింటిని బండ మీద ఒక వైపు తెల్లగా రుద్దించాను. కుండలో 200 గింజలు. కళ్లు మూసుకొని రెండేసి తీయాలి. రెండు గింజలు కలిస్తే ఒక పురుగు, ఎందుకంటే దాదాపు ఏ జన్యువైనా పురుగుకు తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తుంది. రుద్దిన గింజ అంటే విషానికి లొంగని ప్రతి.

పావుగంటలో ఆట పాడైంది. రుద్దిన వైపు వేలికి గరుకుగా తగులుతుంది. పిల్లలు కుండలో చేయి పెట్టి తడిమి తడిమి అవే తీస్తున్నారు. గెలవాలని పిల్లలకు ఉంటుంది మరి. ఇక్కడ తీసే చేతికి ఇష్టాయిష్టాలు ఉండకూడదు, చేయి గుడ్డిదై ఉండాలి. గింజలు సంచిలో పోసి పక్కన పెట్టాం.

ఆగస్టు 2

టైలర్ దగ్గర చొక్కా గుండీలు తెచ్చాను. ఒకే సైజు, ఒకే నునుపు. 180 తెల్లవి, 20 ఎర్రవి. ఎర్రది లొంగని ప్రతి.

నియమం బోర్డు మీద రాశాం. తెలుపు-తెలుపు జంట వస్తే పురుగు చచ్చింది. తెలుపు-ఎరుపు వచ్చినా చచ్చింది, ఎందుకంటే ఒక్క ఎర్ర ప్రతి చాలదు. రెండూ ఎర్రవైతేనే బతుకుతుంది. చేనంతా బీటీయే.

తొమ్మిదో తరగతి వాళ్లు వంద జంటలు తీశారు. ఎర్ర-ఎర్ర జంట ఒక్కటే వచ్చింది. తొంభై తొమ్మిది పురుగులు చచ్చాయని చప్పట్లు కొట్టారు. వెనుక బెంచీ నుంచి ఒకడు లేచి, "ఒక్కటే మిగిలితే దానికి జోడీ ఏది సార్? పిల్లలెట్లయితయి?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. మన కుండలో వందే పురుగులు, మీ నాన్న చేనులో లక్షలు, నూటికి ఒకటి చొప్పున మిగిలినా వేలు అవుతాయి అని చెప్పాను. పదో తరగతి వాళ్లకు రెండు ఎర్ర జంటలు వచ్చాయి. ఆ రెండింటికీ పిల్లలు పుట్టించండి అన్నాను. వాటి దగ్గర ఉన్నవన్నీ ఎర్ర గుండీలే. కుండలోని తెల్లవన్నీ బయట పోసి, 200 ఎర్రవి నింపాల్సి వచ్చింది.

ఒక్క తరంలో కుండ రంగు మారిపోయింది. కుండ చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు అడిగాను: "ఏ గుండీ అయినా రంగు మార్చుకుందా?" లేదన్నారు. "విషం ఎర్ర గుండీని తయారు చేసిందా?" లేదన్నారు. ముందు బెంచీ అమ్మాయి, "ఎర్రయి మొదట్నుంచే ఉన్నయి సార్, తెల్లయి పోతే కనబడ్డయి" అంది. ఆ మాటే బోర్డు మీద రాసి, నెలంతా తుడవనివ్వలేదు.

ఆగస్టు 6

మరి మొదటి ఎర్ర గుండీ ఎక్కడిది? దీనికి కాగితం ఆట ఆడాం. మొదటి బెంచీలో "పత్తి చేనులో పిట్ట వాలింది" అని రాసి ఇచ్చాను. పక్కవాళ్లది చూసి రాసి, తాము రాసింది మాత్రమే ముందుకు పంపాలి. పదకొండో చేతిలో "వాలింది"కి దీర్ఘం పడిపోయి "వలింది" అయింది. ఆ తర్వాత ముప్పై నాలుగో చేయి దాకా అందరూ "వలింది" అనే రాశారు. అది రాసిన అబ్బాయి తల దించుకున్నాడు. వాడిని నిలబెట్టి, ప్రాణంలో కొత్తదనం పుట్టేది ఇలాంటి చోటే అని చెప్పాను. డీఎన్ఏ ప్రతి తీసేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పుతుంది. చాలా తప్పుల వల్ల మంచీ చెడూ ఏమీ ఉండదు, కొన్ని కీడు చేస్తాయి, ఎప్పుడో ఒకటి అక్కరకొస్తుంది. ఆ తప్పు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అనేది అప్పుడున్న చేను చెబుతుంది. రాసే చేయికి ఆ సంగతి తెలియదు.

గులాబీ పురుగులో ఆ తప్పు పడ్డ చోటు ఒకటి దొరికింది కూడా. బీటీ పత్తిలోని ప్రోటీన్ పురుగు పేగు గోడ మీద క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. తాళంలో చెవి పడ్డట్టు. పడితే పేగుకు రంధ్రాలు పడతాయి, పురుగు తిండి మానేసి చస్తుంది. క్యాడ్‌హెరిన్ రాసే జన్యువులో అక్షరాలు తప్పి తాళం వంకరపోతే చెవి పట్టదు. మన పేగులో ఆ తాళమే లేదు, కాబట్టి మనకేమీ కాదు.

ఆగస్టు 21

లింగాకర్షక బుట్టలు కట్టాం, చేనుకు రెండు చొప్పున ఆరు. విత్తి నలభై ఐదు రోజులు దాటాయి. పైన పళ్లెం, దాని కింద గరాటు, గరాటుకు పొడుగు ప్లాస్టిక్ సంచి. పళ్లెం కింద చిన్న రబ్బరు బిళ్లలాంటి ఎర ఉంటుంది. ఆడ పురుగు వాసనలాంటి గాసిప్లూర్ దానికి పట్టించి ఉంటుంది. మగ రెక్కల పురుగులు మాత్రమే వస్తాయి. మొక్క కొసకు అడుగు ఎత్తున ఉండేలా కట్టె పాతాం.

ఎరను చేత్తో ముట్టొద్దని ముందే చెప్పాను. చెప్పిన నేనే కొబ్బరినూనె చేయితో మొదటిది పట్టుకోబోయాను, పిల్లలు ఆపారు.

సెప్టెంబర్ 3

పన్నెండు రోజులు ఆరు బుట్టల్లోనూ సున్నా. పురుగు లేదని సంతోషపడ్డాం. ఈ రోజు చెలకలోని బుట్టను చేతిలోకి తీసుకొని చూస్తే సంచి అడుగున ముడి లేదు. పైనుంచి పడ్డ పురుగు కింది నుంచి వెళ్లిపోతోంది. ఆరింటిలో నాలుగు అలాగే ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లు వేశాం. నోట్‌బుక్‌లో ఆ పన్నెండు రోజుల సున్నాలను కొట్టేయించి, "లెక్కకు రావు" అని రాయించాను. కొట్టేయడానికి ఒకమ్మాయికి ప్రాణం ఒప్పలేదు, రోజూ పొద్దున్నే పోయి చూసింది ఆమే. ఆమె పడ్డ శ్రమ నిజమే, ఆ సున్నాలు మాత్రం నిజం కాదు. ఈ తేడా చెప్పడం పాఠం చెప్పడం కంటే కష్టమైంది.

సెప్టెంబర్ 19

బుట్టకు రోజుకు ఒకటి, రెండు. గోధుమ రంగు, గోరు కన్నా చిన్నవి.

తరగతిలో రెండో ఆట మొదలుపెట్టాం. ఇందులో చేనులో ఐదో వంతు నాన్ బీటీ. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పటి నుంచి రైతులకు ఈ ఏర్పాటు ఉంది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజల చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. "ఆ చిన్న ప్యాకెట్ గట్టు మీదనే పారేసేటోళ్లం సారూ, పురుగుకు తిండి పెట్టి సాకాల్నా?" అన్నారు చెలక రైతు. ఆయన అడిగింది సబబే, ఎందుకు సాకాలో విడమరిచి చెప్పినవాళ్లు ఆయనకు దొరకలేదు. నాన్ బీటీ సాళ్లలో బతికిన తెల్ల పురుగులు లక్షల్లో ఉంటాయి. బీటీలో బతికిన ఒక్క ఎర్ర పురుగుకు జోడీ దొరికితే అది తెల్లదే అవుతుంది. వాటి పిల్లలన్నీ తెలుపు-ఎరుపు. అవి బీటీ కాయ కొరికితే చస్తాయి.

మళ్లీ 20 ఎర్రవి, 180 తెల్లవి. మొదటి 80 జంటలు బీటీలో పడ్డట్టు, ఎర్ర-ఎర్ర తప్ప అన్నీ చస్తాయి. చివరి 20 జంటలు నాన్ బీటీలో, అన్నీ బతుకుతాయి. బతికినవాటి గుండీల నిష్పత్తిలో కుండను మళ్లీ 200కు నింపాలి.

తరం తరం ఎర్ర గుండీల లెక్క ఇది: 20, 29, 41, 61, 96, 149.

పిల్లలకు నిరాశ. "ఐదు తరాలకే ముప్పావు వంతు ఎర్రగయింది, మరి చిన్న ప్యాకెట్ వేసి ఏం లాభం సార్?" నాకూ ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. నేను చెప్పింది ఒకటి, కుండ చెబుతున్నది ఇంకొకటి.

సెప్టెంబర్ 27

తప్పు ఎక్కడుందో దొరికింది. మేము మొదలుపెట్టిందే పది శాతం ఎరుపుతో. పదింట ఒకటి ఎర్రదైతే వంద పురుగుల్లో ఒకటి ఎర్ర-ఎర్ర అవుతుంది. వందలో ఒక ప్రతే ఎర్రదైతే? ఎర్ర-ఎర్ర పురుగు పదివేలలో ఒకటి. ఎర్ర ప్రతులు పదో వంతుకు తగ్గితే ఎర్ర-ఎర్ర జంటలు వందో వంతుకు తగ్గుతాయి. బోర్డు మీద లెక్క కట్టి చూశాం. అదే ఐదో వంతు నాన్ బీటీతో, ఒక శాతం నుంచి పది శాతానికి చేరడానికే ఇరవై తరాలు దాటుతుంది. మేము మొదలుపెట్టిన చోటికి రావడానికే అన్ని తరాలు కావాలి! కాబట్టి నాన్ బీటీ సాళ్లు పని చేసేది ఎర్రవి అరుదుగా ఉన్న రోజుల్లోనే. అవి పెరిగాక వేస్తే ఆలస్యమవుతుంది తప్ప ఆగదు. గట్టు మీద పారేసిన ఆ ప్యాకెట్‌కు విలువ ఉన్నది మొదటి ఏళ్లలో.

రెండు ఎర్ర గుండీలతో కుండలో కూడా ఆడి చూశాం. మొదటి తరానికే ఎర్రవి మాయమయ్యాయి, బతికిన ఇరవై జంటల్లో ఒక్కటీ పడలేదు. లొంగకపోవడం మంచిదా చెడ్డదా అనే లెక్కే లేకుండా, కేవలం అదృష్టం మీద ఒక రకం కనుమరుగైంది. చిన్న గుంపుల్లో ఇలా జరుగుతుంది. ఇది ఎంపిక కిందికి రాదు, చీట్ల పాట లాంటిది. లక్షల పురుగులున్న చేనులో ఆ అదృష్టం రైతుకు దొరకదు.

అక్టోబర్ 6

బతుకమ్మ సెలవులు. గునుగు పూల కోసం చేలల్లోకి పోయిన ఆడపిల్లలు ఒడిలో గునుగుతో పాటు పత్తి పూలు కూడా తెచ్చారు. విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకొని ఉన్నాయి. ఇవే గుడ్డి పూలు. రేకలను విప్పబోతే సన్నటి దారాలు సాగాయి. పురుగు లోపల కూర్చొని రేకలను దారంతో కుట్టేసుకుంటుంది. విప్పితే పుప్పొడి మధ్య నల్ల తల, తెల్లటి ఒళ్లు, బియ్యపు గింజంత.

బుట్టల్లో రోజుకు నాలుగైదు.

అక్టోబర్ 29

వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది దాటాయి. ఆ గీత దాటితే చర్య తీసుకోవాలి. మూడు ఇళ్లకూ పిల్లలే పోయి చెప్పారు. ఇద్దరు మందు కొట్టారు. పత్తి ఏరడానికి పోవడంతో పిల్లల హాజరు సగానికి పడిపోయింది, డైరీ కూడా పది రోజులు ఖాళీ.

నవంబర్ 14

ఈ డైరీలో నాకు అన్నింటికన్నా ముఖ్యమైన రోజు ఇది.

మూడు చేలల్లోంచి చేనుకు ఇరవై పచ్చికాయలు, ఒక్కో మొక్కకు ఒక్కటే చొప్పున అరవై. బల్లల మీద పేపర్లు పరిచి బ్లేడుతో కోశాం. నా ముందు పడ్డ కాయ పైకి నిగనిగలాడుతోంది, ఒక్క మచ్చ లేదు. పురుగు పిల్లగా ఉన్నప్పుడు లోపలికి పోయిన కన్నం కాయ పెరిగేకొద్దీ పూడిపోతుంది. నాలుగు అరల్లో మూడింటిలో తడి దూది తెల్లగా ఉంది. నాలుగో అరలో దూది పసుపు గోధుమ రంగుకు తిరిగి, మధ్యలో గింజ డొల్లైంది. ఆ డొల్లలో పురుగు. గులాబీ రంగు పట్టీలు, అర అంగుళానికి తక్కువే. వెలుతురు తగలగానే వెనక్కి ముడుచుకుంది. అరకూ అరకూ మధ్య గోడలో గుండ్రటి కన్నం, సూదితో పొడిచినంత శుభ్రంగా ఉంది.

అరవైలో పద్నాలుగు కాయల్లో పురుగు ఉంది.

"గియ్యన్నీ బీటీ కాయలు తిని బతికినయా సార్?" అని ఒకరు అడిగేలోపే, సెప్టెంబర్‌లో సున్నాలు కొట్టేయడానికి ప్రాణం ఒప్పని అమ్మాయి అడ్డుకుంది. "ఇప్పుడు నాన్ బీటీ గింజలు సంచిలనే కలిపిస్తున్నరు కద సార్. ఈ కాయలు ఆ మొక్కలవేమో?" నేను ఆ మాట చెప్పి రెండు నెలలైంది. ఆమె గుర్తు పెట్టుకుంది. సంచిలో కలిపేది ఐదు నుంచి పది శాతం. అరవై మొక్కల్లో అవి సగటున మూడు నుంచి ఆరు ఉండాలి. ఆ ఆరింటిలోనూ పురుగు ఉందనుకున్నా, పద్నాలుగులో ఎనిమిది మిగులుతాయి. ఆ ఎనిమిది బీటీ కాయల్లో బతికినవే అయ్యుండాలి. ఆమె లెక్క కట్టి తనే జవాబు చెప్పుకొని కూర్చుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మనం వేసేది హైబ్రిడ్. మొక్కలో బీటీ ఉన్నా, దాని కాయలోని గింజలు తర్వాతి తరం కాబట్టి అన్ని గింజలకూ బీటీ రాదు, కొన్ని ఖాళీగా ఉంటాయి. ఒకే కాయలో కొన్ని గింజలు విషం, కొన్ని కాదు. అటూ ఇటూ తిరుగుతూ తక్కువ విషం తిన్న తెలుపు-ఎరుపు పురుగు కూడా బతికే వీలుంటుంది. మా ఆటలో ఈ జంటను ప్రతిసారీ చంపేశాం. చేనులో అంత కచ్చితంగా జరగదు.

నవంబర్ 20

రెండు దేశాల కథ చెప్పాను. పురుగు అదే. అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచి బీటీ పత్తి వేశారు, నాన్ బీటీ సాళ్లు పక్కాగా వేయించారు. ఏళ్ల తరబడి పురుగు ఆ విషానికి లొంగుతూనే ఉంది. 2006 నుంచి పిల్లలు పుట్టని రెక్కల పురుగులను విమానాల్లోంచి వదిలారు. 2018లో అమెరికా పత్తి చేలల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించారు. ఇక్కడ 2010 నాటికే గుజరాత్‌లో మొదటి రకం బీటీ పత్తిలోని ఒక్క జన్యువుకు లొంగని పురుగు ఉందని బయటపడింది. రెండు జన్యువుల బీజీ-2 రకం 2006లో వచ్చింది, 2015 కల్లా దాన్నీ దాటేసింది. అక్కడి పురుగుకు తెలివి తక్కువా? ఇక్కడి పురుగుకు ఎక్కువా? రెండింటికీ తెలివి లేదు. చేలు వేరు, కాబట్టి మిగిలినవి వేరు.

డిసెంబర్ 18

ఏరిన పత్తిలోంచి జంట గింజలు వెతికాం. రెండు గింజలు అతుక్కొని కనబడితే మధ్యలో పురుగు నిద్ర పోతోందన్న మాట. గోటితో విప్పితే చిన్న పెట్టె తెరిచినట్టు రెండుగా విడిపోయింది. లోపల ముడుచుకొని, కదలకుండా ఉంది. ఎండాకాలం దాటి వచ్చే పంట దాకా అలాగే ఉండగలదు. చేనును ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచితే ఇంకో రెండు తరాలు కాయ దొరుకుతుంది, అంటే కుండను ఇంకో రెండుసార్లు జల్లెడ పట్టినట్టు. పత్తికట్టెను వంటచెరకుగా ఇంటి వెనుక పేర్చుకుంటే వచ్చే ఏటి పురుగును మనమే దాచినట్టు.

జనవరి 12

చెలక రైతు ఇంటి అరుగు మీద కుండ పెట్టాం. ఆయన కోడలు, పక్కింటి ఇద్దరు రైతులు, మా పిల్లలు ఐదుగురు ఉన్నారు. మనవరాలే ఆడించింది. ఆయన మొదట నవ్వుతూ, "పురుగు మందుకు అలవాటైంది బిడ్డా, గింత దానికి గుండీలెందుకు" అన్నారు. మనవరాలు వాదన పెట్టుకోలేదు. "తాతా, కండ్లు మూసుకొని రెండు తియ్యి" అంది. యాభై జంటలు తీసేసరికి ఆయన నవ్వు ఆగింది. ఎర్ర జంట రాగానే దాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశారు.

"అంటే ఇది అలవాటు పడలె. ఇది పుట్టుకతోనే గిట్లుంది. పక్కన ఉన్నయి సచ్చినయి."

"అవ్ తాతా."

"మరి ఇప్పుడు మన చెలకల ఎర్రయి ఎన్నున్నయి సారూ?"

ఆ లెక్క మా నోట్‌బుక్‌లో లేదు. అరవై కాయల్లో పద్నాలుగు అని మాత్రం చెప్పాను. చెలకలో ఇంకోసారి ఏరాల్సిన పత్తి ఉంది, రెండు క్వింటాళ్ల దాకా రావచ్చు. ఆయన ఆ రాత్రి కొడుకుతో ఏం మాట్లాడారో తెలియదు.

జనవరి 19

చెలకలో ట్రాక్టర్ తిరిగింది. మొక్కలన్నీ ముక్కలై మట్టిలో కలిశాయి. కట్టె ఇంటికి పోలేదు. ఆ రెండు క్వింటాళ్ల పత్తి కూడా పోయినట్టే.

బుట్టలు మాత్రం తీయొద్దని ఆయనే అన్నారట. దున్నిన నేల మీద కట్టెకు రెండు బుట్టలు అలాగే వేలాడుతున్నాయి. ఎర మార్చి, అడుగు ముడి రెండుసార్లు చూసుకున్నాం. ఈ రోజు పొద్దున ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో ఒకటి.